చెప్పకుండా వెళ్ళాల్సిన ఇల్లు

నేను చదివే డిగ్రీ ఏమిటో మా చర్చిలో ఆంటీలకు చివరిదాకా అంతుపట్టలేదు. నర్సింగ్ అంటే తెలుసు, ఫార్మసీ అంటే తెలుసు, ఇంగ్లండులో మా కోవెంట్రీకి మాస్టర్స్ కోసం వచ్చిన కుర్రాళ్ళు చదివే కంప్యూటర్ కోర్సుల పేర్లు కూడా కంఠతా వచ్చు. లిబరల్ ఆర్ట్స్ అనగానే ఒకావిడ నన్ను జాలిగా చూసి, "బొమ్మలు బాగా వేస్తావా అమ్మా?" అని అడిగింది. మా అమ్మ అడ్డుపడి, "అన్నీ కొంచెం కొంచెం చెప్తారంటండీ," అంది. అమ్మ హాస్పిటల్లో నర్సు. అన్నీ కొంచెం కొంచెం నేర్చుకున్న మనిషి సూది పట్టుకుని వస్తే రోగి గతేమిటో ఊహించుకునే రకం. అందుకే ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేది.

ఆ చదువులో ఆఖరి ఏడాదికి గుండెకాయ డిసర్టేషన్, అంటే పెద్ద పరిశోధన వ్యాసం. విషయం ఎవరూ ఇవ్వరు. మనమే వెతుక్కోవాలి, అందులో కనీసం రెండు శాస్త్రాలు కలవాలి, రెండు డిపార్ట్‌మెంట్ల నుంచి ఇద్దరు సూపర్‌వైజర్లను ఒప్పించాలి. నా తోటి అమ్మాయి ఒకతె ఉప్పు మీద రాసింది. ఇంకొకడు బస్ స్టాపుల్లో జనం నిలబడే తీరు మీద రాశాడు. నేను చావింటి తలుపు మీద రాస్తానన్నాను.

ఆ ఆలోచన ఒక గిల్లుడు నుంచి పుట్టింది. మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. నేను ఇక్కడ ప్రైమరీ స్కూల్లో ఉండగా, మా చర్చిలో ఎవరో పోతే అమ్మ నన్ను వెంటబెట్టుకుని పలకరించడానికి వెళ్ళింది. కాసేపు కూర్చున్నాక లేచింది. మంచి పిల్లలు వెళ్ళేటప్పుడు బై చెప్పాలని స్కూల్లో నేర్పారు కదా, నేను ఉత్సాహంగా నోరు తెరిచాను. అమ్మ నా తొడ మీద మెలిపెట్టి గిల్లింది. మామూలుగా మనవాళ్ళు ఒక ఇంటి నుంచి కదలాలంటే సోఫాలో ఒకసారి, చెప్పుల దగ్గర ఒకసారి, కారు అద్దం దించి మరోసారి "వెళ్ళొస్తాం" అంటారు. చావింట్లో మాత్రం ఆ మాట ఎత్తకూడదు. ఇలాంటి పని మీద ఈ గడప మళ్ళీ తొక్కే గతి పట్టకూడదని. ఇంటివాళ్ళూ "మళ్ళీ రండి" అనరు. లేచి, చెప్పులేసుకుని, తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి. "మనకి ఇలాంటి నమ్మకాలేం లేవనుకో," అంది అమ్మ బస్సులో. "అయినా అనకూడదు."

సూపర్‌వైజర్లలో ఒకావిడ మనుషుల ఆచారాలు చదివిన మనిషి. తెగ సంబరపడింది. ఇళ్ళ కట్టడం గురించి చెప్పే రెండో ఆయన సంబరపడలేదు కానీ ప్రతి ఇంటికీ ప్లాన్ గీయమన్నాడు. అక్కడ, గుంటూరు వైపు, మనవాళ్ళ ఇళ్ళలో చావు జరిగితే తలుపు బార్లా తీసి ఉంటుంది, వచ్చేవాళ్ళు వస్తుంటారు, పోయేవాళ్ళు పోతుంటారు. ఇక్కడ చలికి తలుపు మూసే ఉండాలి, బెల్ కొట్టాలి, ఒకరు లేచి తియ్యాలి. మాట లేకుండా బయటపడడం ఇక్కడ ఎలా కుదురుతుంది? ఇదీ నా ప్రశ్న. జవాబు కోసం ఇంటివాళ్ళ అనుమతి తీసుకుని, గుమ్మం దగ్గర చిన్న రికార్డర్ పెట్టి, తలుపు చప్పుళ్ళు మాత్రం పట్టుకునేదాన్ని.

బర్మింగ్‌హామ్‌లో మా యూనివర్సిటీ లైబ్రరీ కిటికీ పక్కన కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాటిని వినేదాన్ని. కుర్చీ జరిగిన చప్పుడు, గాజులు, కోటు జిప్పు, ఆ తర్వాత తలుపు. జిప్పుకీ తలుపుకీ మధ్య ఇంకెవరి ఇంట్లోనైనా బోలెడన్ని మాటలుంటాయి. నా రికార్డింగుల్లో అక్కడ ఖాళీ. మొదట్లో ఆ ఖాళీ దొరికినందుకు పొంగిపోయాను. వినగా వినగా నాకది నచ్చడం మానేసింది. ఎవరో ఊపిరి బిగబట్టి, అందరూ ఎప్పుడు పోతారా అని చూస్తున్నారనిపించేది. పట్టపగలు, చుట్టూ అంతమంది పిల్లలు చదువుకుంటుండగా, హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి చూసుకునేదాన్ని.

ఆ శరదృతువులో కోవెంట్రీలో మాకు బాగా తెలిసిన అంకుల్ ఉన్నట్టుండి పోయాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున షిఫ్టుకి వెళ్ళి మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఇంటికొచ్చేవాడు. జేబులో తాళంచెవి ఉండేది, గుమ్మానికి బెల్ ఉండేది. రెండూ వాడేవాడు కాదు. ఉత్తరాలు లోపలికి పడేయడానికి తలుపుకే ఉండే సందు, ఆ లెటర్‌బాక్స్ మూతను వేలితో ఎత్తి రెండుసార్లు టపటపలాడించేవాడు. వంటింట్లోంచి ఆంటీ, "ఆ, వస్తన్నా, ఇల్లు కూలగొట్టమాకు," అనుకుంటూ వెళ్ళి తలుపు తీసేది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఆడుకుంటూ నేనే ఎన్నోసార్లు విన్నాను.

ఇక్కడ మనిషి పోయిన మర్నాడే మట్టిలో పెట్టడం కుదరదు. కాగితాలు కావాలి, శ్మశానంలో చోటు దొరకాలి, పాస్టరుగారికి వీలుండాలి. అంకుల్‌ని అంత్యక్రియల వాళ్ళ దగ్గరే ఉంచారు. వారాలు గడుస్తున్నాయి, పలకరించేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆంటీ ముందు గదిలో కూర్చోదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరసలో అదొకటి, తలుపు తీస్తే సన్నటి నడవా, ఎదురుగా మెట్లు. ఆ నడవాలో కుర్చీ వేసుకుని తలుపుకెదురుగా కూర్చునేది. వచ్చినవాళ్ళు లోపలికెళ్ళాలంటే ఆవిడ కాళ్ళు పక్కకు తీసుకోవాలి. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, ఇంగ్లిష్ గడగడా మాట్లాడేది. ఆయన పోయిన రోజు నుంచి ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడలేదు.

అమ్మతో కలిసి నేనూ వెళ్ళాను, అనుమతి అడిగి రికార్డర్ పెట్టాను. ఇక్కడ ఎథిక్స్ కమిటీ సంగతి చెప్పాలి, మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే యూనివర్సిటీలో వాళ్ళ అనుమతి కావాలి. దుఃఖంలో ఉన్న ఇళ్ళు కాబట్టి వాళ్ళు నాకో షరతు పెట్టారు. వెళ్ళేముందు ఇంటివాళ్ళకు కృతజ్ఞత చెప్పాలి, మళ్ళీ వచ్చి కలుస్తానని, రాసింది చూపిస్తానని నోటితో చెప్పాలి. అదీ వాళ్ళకు అర్థమయ్యే భాషలో. మనిషిని వాడుకుని వదిలెయ్యకూడదని వాళ్ళ ఉద్దేశం, మంచి ఉద్దేశమే. మిగతా ఇళ్ళలో పిల్లల్ని బయటికి పిలిచి ఇంగ్లిష్‌లో గొణిగి తప్పించుకున్నాను. ఈ ఇంట్లో ఆంటీ కూతురు మేడ మీద ఫోన్లో ఉంది. గుమ్మం దాకా వచ్చేశాం. ఎదురుగా ఆంటీ ఒక్కతే ఉంది.

"మీరు ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు ఆంటీ," అన్నాను, దూరదర్శన్ వార్తల్లో చెప్పినట్టు. "నేను మళ్ళీ వస్తాను."

కోటు వేసుకుంటున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆంటీ నన్ను తిట్టలేదు, నా వైపు చూడనైనా లేదు. మెల్లిగా తల తిప్పి మెట్ల వైపు చూసింది. అక్కడ కూర్చున్న మనిషి ఈ మాట విన్నాడా లేదా అని కనుక్కునే చూపు అది. మెట్ల మీద ఎవరూ లేరు.

అమ్మ నన్ను మోచెయ్యి పట్టుకుని బయటికి లాగింది. గిల్లే వయసు దాటిపోయాను కాబట్టి బతికిపోయాను. "యూనివర్సిటీలో చదివేది ఈ తలుపు గురించే కదే!" అంది కారెక్కాక. నిజంగానే ఆ గిల్లుడు మీద అప్పటికి ఒక అధ్యాయం పూర్తిచేసి ఉన్నాను.

అంకుల్‌ని సమాధి చేశారు. క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. జనవరిలో ఆంటీ కూతురు ఫోన్ చేసింది. నాకంటే పెద్దది, ఇక్కడే పుట్టింది, లండన్‌లో హారో వైపు ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. వాళ్ళమ్మ రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి వీధి తలుపు ఓరగా తీసి, శాలువా కప్పుకుని నడవాలో కూర్చుంటోందని చెప్పింది. ఇంట్లో హీటింగ్ వేసినా వెయ్యనట్టే. ఒకసారి ఛాతీలో నెమ్ము చేసింది. క్లినిక్‌లో డాక్టరు ఆవిణ్ణి ఇక ఒంటరిగా ఉంచొద్దని, ఇంకోసారి ఇలా అయితే దక్కడం కష్టమని చెప్పాడు. హారోలో గది సిద్ధంగా ఉంది. ఆవిడ రానంటోంది. "నేను వెళ్తే ఆయన వచ్చి తలుపు కొట్టుకుని పోవాలా?" అంటోంది.

"షీ సేస్ ఇట్స్ బికాజ్ ఆఫ్ యూ," అంది కూతురు. కోపంగా అనలేదు. బాగా అలిసిపోయి ఉంది. "నువ్వేదో అన్నావంట. అదేంటో నాకు తెలీదు. ప్లీజ్, వచ్చి సరిచెయ్యి," అని ఇంగ్లిష్‌లోనే బతిమాలింది. లెటర్‌బాక్స్ మూత గాలికి కొట్టుకుంటోందేమో అని దాన్ని పార్సిల్ టేపుతో మూసేసిందట. అయినా ఆవిడకు వినిపిస్తూనే ఉందట.

మొదటి సూపర్‌వైజర్‌కి చెప్తే ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇంత అరుదైన సంగతి దొరకడం అదృష్టమంది, అన్నీ రికార్డ్ చెయ్యమంది. రెండో ఆయన కుర్చీ నడవాలో సరిగ్గా ఎక్కడుందో కొలిచి రమ్మన్నాడు. ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అక్కడ ఒక మనిషి చలికి చచ్చిపోయేలా ఉంటే వీళ్ళకు కొలతలు కావాలి! నిజానికి ఒళ్ళు మండాల్సింది నా మీద నాకు.

చివరికి అమ్మనే అడిగాను. హాస్పిటల్ డ్యూటీల రోటా చూసుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. "వెళ్ళి నోరెత్తకుండా కూర్చో. నోరెత్తకుండా లేచి రా. ఆరోజు చెయ్యాల్సిన పని అదే, ఇవాళ చెయ్యి."

"సారీ చెప్పొద్దా?"

"ఏం చెప్పొద్దు. ఆ మిషను తీసుకెళ్ళమాకు."

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఇల్లు ఇక నా డిసర్టేషన్‌లో ఉండదని. ఆరోజు అన్న మాటను ఇలా వెనక్కి తీసుకుని, రాసింది చూపించకుండా వచ్చేస్తే కమిటీ లెక్కలో ఆ ఇంటి రికార్డింగు పనికిరాదు. అది నా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద అధ్యాయం. ఒక పూట ఏడ్చి, తీసేశాను.

మధ్యాహ్నం వెళ్ళాను. ఎండ ఉంది, వేడి లేదు. తలుపు ఓరగా తెరిచే ఉంది. బెల్ కొట్టాలా, తోసుకుని వెళ్ళాలా అని తటపటాయిస్తుంటే లోపల్నించి, "రా, నువ్వేలే," అని వినిపించింది. ఆంటీ సగమైపోయింది. కానీ మొహంలో ఏడుపు లేదు. తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఉంది. పక్కన చిన్న స్టూలు మీద రెండు టీ కప్పులున్నాయి. నాకోసమా అనుకున్నాను, కాదు. నేను మెట్ల మీద కూర్చోబోతే, "అక్కడొద్దు," అంది నెమ్మదిగా. తలుపు పక్కన చెప్పుల బల్ల మీద కూర్చున్నాను.

"మీ అమ్మ చెప్పి పంపిందా?"

తలూపాను.

"నీ తప్పేం లేదులే అమ్మాయ్. నువ్వు పిచ్చి తల్లివి, ఏదో కాగితంలో రాసింది చదివావు. ఆయన్నప్పటికింకా మట్టిలో పెట్టలా. ఎటు పోవాలో తెలీక ఇక్కడిక్కడే తచ్చాడతన్నాడు. మళ్ళీ వస్తానని నువ్వనే తలికి, ఓహో, రావచ్చు గావాల అనుకున్నాడు." చిన్నగా నవ్వింది. "ఆయనెప్పుడూ అంతే. ఎవురేమన్నా తననే అనుకుంటాడు."

ఇది పిచ్చి అని నాకు తెలుసు. దుఃఖంలో మనసు చేసే పనుల మీద పుస్తకాలు చదివాను, వాటి పేర్లతో పేజీలు నింపాను. కానీ ఆ నడవాలో, ఆ రెండు కప్పుల పక్కన, అవేవీ నాకు అక్కరకు రాలేదు. నాకు భయమేసింది. నిజంగా, చిన్నపిల్లలా భయమేసింది.

అవతల వీధిలో ఎవరో కారు తలుపు వేశారు. లెటర్‌బాక్స్ మీద అంటించిన టేపు నా మొహానికి దగ్గర్లోనే ఉంది. అది ఒకసారి లోపలికి ఉబ్బింది, సర్దుకుంది. మళ్ళీ ఉబ్బింది, సర్దుకుంది. గాలే అయుంటుంది. శబ్దమైతే రాలేదు. ఓరగా ఉన్న తలుపు కదల్లేదు. కానీ ఆంటీ మొహం విప్పారింది, శాలువా దగ్గరికి లాక్కుంది, ఎవరో లోపలికి పోవడానికి దారిచ్చినట్టు కాళ్ళు పక్కకు తీసుకుంది.

నేనూ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎవరూ తీసుకోమనలేదు. నా కాళ్ళు వాటంతట అవే గోడ వైపు జరిగాయి.

లేవబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఉండు. టీ తాగనివ్వు."

కూర్చున్నాను. స్టూలు మీద కప్పుల్లోంచి ఆవిరి పైకి లేస్తోంది. ఆంటీ ఒక కప్పు తీసుకుని నిదానంగా తాగింది. రెండో కప్పు వైపు నేను చూడలేదు. మెట్ల వైపు కూడా చూడలేదు. తలుపు సందులోంచి పడుతున్న ఎండ చారనే చూస్తూ కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ఎన్నేళ్ళు ఇలా టీ తాగారో, ఇప్పుడు నేను లేస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. తెలిసి కూడా కప్పు కింద పెట్టి, నా చెయ్యి వదిలేసింది.

లేచాను. బూట్లు వేసుకున్నాను. "ఆంటీ, మిమ్మల్ని చూస్తే నాకు ఏడుపొస్తోంది" అనాలనిపించింది, "ఒక్కసారి నన్ను తిట్టండి" అనాలనిపించింది. ఒక్క మాట కూడా అనకుండా తలుపు పూర్తిగా తెరిచాను. ఆవిడ నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగాను. అది గట్టిగా మూసుకుంది. వెనక్కి చూడకుండా బస్ స్టాప్ దాకా నడిచాను. ఆవిడ మొగుణ్ణి రెండోసారి ఆవిడ దగ్గర్నుంచి తీసుకుపోయిన దాన్ని నేనేనని దారంతా అనిపించింది. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎక్కినవాళ్ళెవరూ అందులో కూర్చోలేదు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

ఆ వారంలోనే ఆంటీ హారో వెళ్ళిపోయింది. తిండి తింటోందని, మనవడితో పోట్లాడుతోందని, మళ్ళీ ఇంగ్లిష్ మాట్లాడుతోందని కూతురు మెసేజ్ పెట్టింది. ఒకసారి ఆంటీనే ఫోన్ చేసింది. బాగున్నానంది, నా చదువు గురించి అడిగింది. చివర్లో మామూలు గొంతుతోనే, "నువ్వొచ్చిపోయిన కాడ్నించి ఆయన రావట్లేదమ్మా. నీతోపాటే బయల్దేరాడు. మంచిదేలే, చిన్నప్పట్నుంచీ నువ్వంటే ఆయనకి ఇష్టం," అంది. నేను నవ్వబోయాను. బస్సులో నా పక్కనున్న ఖాళీ సీటు గుర్తొచ్చింది.

వసంతంలో డిసర్టేషన్ ఇచ్చేశాను. మంచి మార్కులే వచ్చాయి. నడుమ ఒక ఇంటిని వదిలేసినట్టుందని పరీక్షించినవాళ్ళలో ఒకరు రాశారు.

మార్కులు తెలిసిన వారం అమ్మ సెలవు పెట్టుకుని బర్మింగ్‌హామ్ వచ్చింది. గోంగూర, కోడి వేపుడు డబ్బాల్లో పెట్టి తెచ్చింది. నాతో ఇల్లు పంచుకునే పిల్లలు ఆరోజు ఎవరూ ఇంట్లో లేరు. కడుపునిండా తిన్నాం, పోట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. "అన్నీ కొంచెం కొంచెం చదివినా గట్టెక్కావే," అంది. మధ్యాహ్నం రైలుకు టైమవుతోందని లేచి, నడవాలో కింది మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది.

అమ్మ సంగతి నాకు తెలుసు. కనీసం నాలుగుసార్లు చెప్తే గానీ కదలదు. వెళ్ళొస్తానే, తలుపు వేసుకో, వెళ్ళొస్తా, అన్నం తిను, సరే మరి వెళ్ళొస్తా. అది వినడానికి తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

ఒక బూటు తొడుక్కుని రెండోది అందుకోబోతూ ఆగింది. తల ఎత్తి తలుపు వైపు చూసింది. నన్ను కాదు, నా పక్కన. తర్వాత మెల్లిగా కాళ్ళు రెండూ పక్కకు తీసుకుంది.

"అమ్మా?" అన్నాను.

రెండో బూటు వేసుకుంది, బ్యాగు భుజానికి తగిలించుకుంది, వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరింది. ఏదో అనబోయి పెదాలు బిగించుకుంది. తలుపు తీసుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.